ఇల్లే బడి కావచ్చునా?

నా మిత్రుడొకడు ఈ సంవత్సరము వేసవి సెలవులు ముగిసిన పిదప తన కుమార్తెను మరల బడికి పంపలేదు. ఆ బాలికకు తొమ్మిదేండ్లు. చదువులో వెనుకబడినది కాదు. ఉపాధ్యాయులకు ఎదురాడునదియు కాదు. సెలవులకు ముందొకనాడు తోటిపిల్లతో తెలుగున మాటలాడినదని ఆ యిద్దఱిని తరగతి వెలుపల ఒక గంటసేపు నిలువబెట్టిరి. ఇంటికి వచ్చి ఆ పిల్ల ఏడువలేదు, ఎవ్వరితోను మొఱపెట్టుకొనలేదు. నాటినుండి తల్లి తెలుగున పిలిచినను ఇంగ్లీషున బదులు చెప్పుట మొదలుపెట్టినది. అన్నము తినుమని అమ్మమ్మ పిలిచినప్పుడు గూడ, ఆ ముసలియామెకు తెలియని భాషలో, వద్దని చెప్పినది. అది విని నా మిత్రుడు సహింపలేకపోయెను.

అతడు విద్యావంతుడు. ఇంటినుండియే తన యుద్యోగము నెరపుకొనుచున్నవాడు. పిల్లకు తానే చదువు చెప్పుకొందుననియు, బడితో పనిలేదనియు నిశ్చయించుకొని, ముప్పదియేండ్లు ఉపాధ్యాయవృత్తిలో గడపిన నా యభిప్రాయము కోరి, రెండు పుస్తకములు నా చేత బెట్టినాడు. ఒకటి జాన్ స్టూవర్టు మిల్లు స్వీయచరిత్రము. అది 1873 లో, ఆయన మరణించిన యేటనే, వెలువడినది. రెండవది అమెరికా దేశస్థుడగు జాన్ హోల్టు 1981 లో ప్రకటించిన 'టీచ్ యువర్ ఓన్'. మీ పిల్లలకు మీరే చెప్పుకొనుడని దాని పేరునకు తాత్పర్యము. "ఈ రెండును చదివిన పిమ్మట గూడ బడియే మంచిదని మీరు చెప్పగలిగినచో పిల్లను రేపే పంపెదను" అని పందెము వేసినట్లు పలికెను. నేను రెండును చదివితిని. ఈ వ్యాసము నా మిత్రునికి నేనిచ్చు బదులు. ఐనను ఇట్టి సందిగ్ధము నేడు పెక్కు గృహములలో నున్నది గనుక పత్రికాముఖమున చెప్పుచున్నాను.

న్యాయముగా మొదట బడిమీది నేరారోపణమును వినవలయును. హోల్టు బడిని దూరమునుండి నిందించినవాడు కాడు, స్వయముగా ఉపాధ్యాయుడు. 1964 లో ప్రకటించిన 'హౌ చిల్డ్రన్ ఫెయిల్' అను గ్రంథమున ఆయన తన తరగతులలో కన్నది వ్రాసెను. పిల్లలు పాఠమును చదువుటలేదు, ఉపాధ్యాయుని చదువుచున్నారు. ప్రశ్న వేయగానే పిల్లవాడు ప్రశ్నను గూర్చి ఆలోచింపడు. గురువు ముఖము వంక జూచును. ఉత్తరము సగము పలికి, ఆయన కనుబొమలు కదలిన తీరునుబట్టి మిగిలిన సగము దిద్దుకొనును. తెలియని మాటను గొణిగి, వినువారు తమకు కావలసిన మాటగా దానిని వినుకొందురని ఆశపడును. తప్పు చెప్పుదునేమో యను భయము తెలిసినదానిని గూడ మ్రింగివేయును. మొదట బడులను బాగుచేయవలెనని తలచిన హోల్టు, అది సాధ్యము కాదని విసిగి, 1977 లో 'గ్రోయింగ్ వితౌట్ స్కూలింగ్' అను పత్రికను స్థాపించి, పిల్లలను బడి మాన్పించి యింటనే పెంచుకొనుడని తల్లిదండ్రులకు బోధింపసాగెను.

ఈ భాగమును చదువుచు నేను సిగ్గుపడితిని. ఎక్కములు ఒప్పజెప్పు పిల్లవాడు పదునాలుగవ యెక్కము నడుమ ఆగి, బెత్తమున్నదో లేదో యని నా చేతి వంక జూచుట నే నెన్నిమారులో కంటిని. బెత్తము మానివేసిన తరువాత గూడ ఆ చూపు మానలేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టము పిల్లలను కొట్టుటనే గాక వారి మనస్సును బాధించుటను గూడ నిషేధించినది. కాని శిక్ష యనుటకు బదులు క్రమశిక్షణ యనిన చాలునని తలచు బడులు మన నడుమ కొల్లలు. తెలుగు బిడ్డ తెలుగు మాటలాడుట దోషమని యెంచు బడిని సమర్థించుట నా వలన కాదు. ఆ బడినుండి పిల్లను తప్పించుటలో నా మిత్రుడు చేసినది తప్పు కాదు. ఐతే ఒక బడి చెడ్డదని తెలిసికొనుట వేరు, బడియే వలదని తేల్చుట వేరు. హోల్టు మొదటిదానినుండి రెండవదానికి దాటెను. ఆ దాటుచోటనే ఆయనను విమర్శింపవలయును.

బడిని వర్ణించునప్పుడు హోల్టు తాను కన్నులార జూచినది వ్రాసెను. ఇంటిని వర్ణించునప్పుడు పెక్కుచోట్ల ఇతరులు వ్రాసి పంపినది చేర్చెను. ఆయనకు వివాహము లేదు, సంతానము లేదు. 'టీచ్ యువర్ ఓన్' గ్రంథమున చాలభాగము ఆయన పత్రికకు తల్లిదండ్రులు వ్రాసిన యుత్తరముల సారము. ఆ యుత్తరములు ముచ్చటైనవి. వానిలో బూటకము నాకు కనబడలేదు. కాని ఉత్తరములు వ్రాయువారెవరు? పిల్ల చక్కగా చదువుకొనుచున్న తల్లి వ్రాయును. రెండు మాసములకే విసిగి పుస్తకములు అటకపై బెట్టిన తల్లి వ్రాయదు. తాను నేర్పలేకపోతినని గ్రహించిన తండ్రి ఆ సంగతి పత్రికకు తెలుపడు. తరగతిలో ఓడినవారినందఱిని లెక్కించి బడిని నిందించిన విమర్శకుడు, ఇండ్ల విషయమున గెలిచినవారిని మాత్రమే పిలిచి సాక్ష్యము చెప్పించెను. ఒకే తక్కెడలో రెండు విధములైన తూనికరాళ్లు వాడినట్లయ్యెను.

మిల్లు గ్రంథము అట్టిది కాదు. ఇందు సాక్షి తండ్రి కాడు; ఇంట చదివిన కుమారుడే పెద్దవాడై తన చదువును తాను తూచుచున్నాడు. అందువలన ఈ విషయమున ఇంతకంటె విలువైన గ్రంథము అరుదు. 1806 లో లండను నగరమున పుట్టిన యీ బాలుని తండ్రి జేమ్సు మిల్లు ఏ బడికిని పంపలేదు. మూడవయేట గ్రీకు, ఎనిమిదవయేట లాటిను, పండ్రెండవయేట తర్కము, పదుమూడవయేట అర్థశాస్త్రము తానే మొదలుపెట్టించెను. నేర్పిన విధము గమనింపదగినది. తండ్రి బల్లకడ కూర్చుండి హిందూదేశ చరిత్రమును వ్రాయుచుండగా, అదే బల్లకడ బాలుడు గ్రీకు పాఠము సిద్ధపఱచుకొనెడివాడు. ఆనాటికి గ్రీకు పదములకు ఇంగ్లీషున అర్థము చెప్పు నిఘంటువు వారికి లభింపలేదు. ఉన్నవి లాటినున అర్థము చెప్పునవి. ఆ భాష బాలునికింకను రాదు. కావున తెలియని ప్రతి పదమునకును తండ్రినే యడుగవలసివచ్చెడిది. స్వభావముచేత ఓర్పు తక్కువ గల ఆ తండ్రి, వ్రాయుచున్న వాక్యము మధ్యలో ఆపి మాటిమాటికి బదులు చెప్పెడివాడు. ఉదయమున ఫలాహారమునకు ముందు ఇరువురును నడకకు పోయెడివారు. ముందునాడు చదివిన విషయములను చిన్న కాగితపుముక్కలపై గుర్తుపెట్టుకొని, నడచుచు బాలుడు తండ్రికి చెప్పెడివాడు.

నా మిత్రుని ప్రతిలో ఈ ప్రకరణమంతయు పెన్సిలు గీతలతో నిండియున్నది. గీయదగినదే. తండ్రి దేనిని గుడ్డిగా వల్లెవేయనీయలేదు. బాలుడు తానే కనుగొనదగినదానిని ముందుగా చెప్పివేయలేదు. ఇట్టి చదువువలన సమకాలికులకంటె పాతికయేండ్లు ముందుగా బయలుదేరినట్లైనదని మిల్లు చెప్పుకొనెను. అందులో తన ప్రజ్ఞ యేమియు లేదనియు, సామాన్యమైన బుద్ధియు ఆరోగ్యమును గల యే పిల్లయైనను అట్లు నేర్పిన నేర్వగలదనియు వినయముతో చేర్చెను. ఇల్లు ఇయ్యగలిగి బడి ఇయ్యలేనిది ఇచ్చట స్పష్టముగా కనబడును. పిల్ల యడిగిన ప్రశ్నకు ఆ క్షణముననే బదులు దొరకుట, అది తెలియుటకు పట్టునంత కాలము గురువు వేచియుండుట, నలువదిమంది గల తరగతిలో సాధ్యములు కావు. రేపు చెప్పెదనని చెప్పి నేను మఱచిన ప్రశ్నలెన్ని యున్నవో నాకే తెలియదు. ఈ పుటలకడ నేను నా మిత్రుని పక్షమే.

ఐతే అతని పెన్సిలు మొదటి ప్రకరణముతోనే ఆగినది. ఆ గ్రంథమునకు ఐదవ ప్రకరణము గూడ కలదు.

1826 శరత్కాలమున, ఇరువదవయేట, మిల్లు తన్ను తానొక ప్రశ్న వేసికొనెను. లోకమున తాను కోరిన సంస్కారములన్నియు ఈ నిమిషముననే నెరవేరినచో తనకు ఆనందము కలుగునా? కలుగదని మనస్సు చెప్పెను. నాటినుండి మాసములకొలది బ్రతుకు రుచి చచ్చెను. చదువును ఉద్యోగమును అలవాటుచేత యంత్రమువలె సాగినవి. ఈ బాధను ఎవ్వరితో చెప్పుకొందునా యని చూచుకొనగా ఒక్కరును కనబడలేదు. సహజముగా దిక్కు తండ్రియే. కాని ఇట్టి కష్టమున ఆశ్రయింపదగినవారిలో ఆయన కడపటివాడని కుమారునికి తోచెను. తన విద్య యంతయు ఆయన చేతిపని. అది విఫలమైనదని ఆయనకే చెప్పుట యెట్లు? తుదకు మార్మాంటెలు అను ఫ్రెంచి రచయిత స్మృతులలో, తండ్రి మరణింపగా ఇంటివారికి ఆ లోటు తానే తీర్తునని బాలుడు నిశ్చయించుకొను ఘట్టమును చదివి కన్నీరు కార్చెను. తన హృదయమింకను రాయి కాలేదని ఆ కన్నీటివలననే యెఱిగెను. పిదప 1828 లో వర్డ్సువర్తు కవిత్వము అతనికి ఔషధమయ్యెను.

తోటిపిల్లలు లేకుండుటవలననే యిట్లయ్యెనని సామాన్యముగా చెప్పుదురు. తండ్రి బాలుని ఇతర బాలుర సాంగత్యమునుండి తప్పించిన మాట నిజమే. చేతిపనులలో తాను నేర్పులేనివాడుగనే మిగిలితినని మిల్లు చెప్పినదియు నిజమే. కాని నేనా సమాధానముతో తృప్తిపడను. ఆటకు తోడు వీధిలోనైనను బంధువులలోనైనను దొరకును. ఐదవ ప్రకరణము చెప్పునది అంతకంటె లోతైనది. మిల్లునకు తండ్రియు గురువును ఒక్కరే. గురువు కోపించిననాడు తండ్రికడకు పోయి చెప్పుకొనుటకును, తండ్రి నొప్పించిననాడు గురువుకడ ఊఱడిల్లుటకును అతనికి వీలు లేకపోయెను. బడికి పోవు పిల్లకు రెండు చోట్లున్నవి. ఒకచోట దెబ్బతగిలిననాడు రెండవచోట ఎవ్వరైనను దానిని కనిపెట్టుదురు. నా మిత్రుని కుమార్తె సంగతియే చూడుడు. బడిలో జరిగిన యవమానమును ఆమె నోరు విప్పి చెప్పకున్నను ఇల్లు కనిపెట్టినది. ఇల్లే బడియైన పిల్లకు అట్టిది ఇంటనే జరిగినచో కనిపెట్టువారెవరు? ప్రేమ గల తండ్రులు అవమానింపరని చెప్పవలదు. జేమ్సు మిల్లు తన కుమారుని శ్రేయస్సు కోరనివాడు కాడు.

మఱియొక సంగతి కలదు. ఆ యింట సంతానము తొమ్మండుగురు. పెద్దవాడు నేర్చిన పాఠమును చిన్నవారికి నేర్పవలయును. వారికి రానిచో ఆ తప్పు పెద్దవానిది. ఈ పని తనకు కిట్టలేదని మిల్లు స్పష్టముగనే వ్రాసెను. తల్లి మాట మాత్రము ఆ గ్రంథమున దాదాపు లేదు. తొమ్మండుగురను కని పెంచి ఆ యిల్లు నడపిన యామె, స్త్రీల దాస్యమును ఖండించుచు 1869 లో మహాగ్రంథము వ్రాసిన కుమారుని స్వీయచరిత్రమున చోటు దక్కించుకొనలేదు. నేడు మన యిండ్లలో ఇంటిబడి పెట్టినచో ఆ బరువు ఎవరిమీద పడును? తండ్రి పాఠముల పట్టిక వ్రాయును. తల్లి ఉద్యోగము మానును. నా మిత్రుని భార్య ఒక కార్యాలయమున లెక్కలు చూచుచున్నది. ఆమె యభిప్రాయమేమని నేనడుగగా, ఆమె యొప్పుకొన్నదని నా మిత్రుడు బదులు చెప్పెను. ఆమె మాత్రము మాటలాడక కాఫీగ్లాసులు తీసికొని లోనికి పోయినది.

ఇంటిచదువు పడమటినుండి వచ్చిన క్రొత్త వింతయని కొందఱు తలచుచుందురు. అది సరి కాదు. 1822 లో మద్రాసు గవర్నరగు సర్ తామసు మన్రో ఈ రాజధానిలోని బడుల వివరములు పంపుడని కలెక్టరుల నాజ్ఞాపించెను. ఆ నివేదికలను చూచి 1826 మార్చి 10 వ తేదీని ఆయన వ్రాసిన యభిప్రాయపత్రమునుబట్టి రాజధాని యంతటిలో 12,498 బడులుండెను. మద్రాసు నగరము సంగతి విశేషము. అచ్చట ఇండ్లలో చదువుకొను బాలురు 26,963 మంది యనియు, ఇది బడులలో చదువువారికి ఇంచుమించు ఐదురెట్లనియు లెక్క వచ్చినది. మన్రోయే ఆ సంఖ్యలో పొరపాటుండవచ్చునని శంకించెను. ఐనను తండ్రులవలనను బంధువులవలనను ఇండ్లలో చదువు నేర్చువారు గణనీయముగ నున్నారని యొప్పుకొనెను. అనగా రెండువందల యేండ్లకు పూర్వము ఇంటిచదువు ఈ ప్రాంతమున వాడుకయే.

ఆ చదువు ఎవరికి అందెను? 1823 లో బళ్లారి కలెక్టరగు క్యాంబెలు పంపిన నివేదికను చూడుడు. నేటి అనంతపురము ప్రాంతము గూడ ఆనాడు ఆ జిల్లాలోనిదే. జనసంఖ్య 9,27,857. బడులు 533, వానిలో తెలుగు బడులు 226. విద్యార్థులు 6,641 మంది. వారిలో బాలికలు 60 మంది. అక్కడ మిల్లు ఈస్టిండియా కంపెనీ కచేరీలో ఉద్యోగమున చేరినదియు ఆ సంవత్సరమే. తన యింటి బల్లకడ ఒక బాలుడు అరిస్టాటిలు తర్కము నేర్చిన కాలమున, ఇచ్చట ఒక జిల్లా యంతటిలో బడి యెఱిగిన యాడుపిల్లలు అరువదిమంది.

ఈ యరువదిమందిని నేను మఱవజాలను. ఇంటిచదువు అంత విరివిగా నున్న దినములలో ఇల్లు ఆడుబిడ్డకు చదువేల చెప్పలేదు? తండ్రి పండితుడైనను అన్నకు చెప్పెను గాని చెల్లెలికి చెప్పుట అరుదు. ఇల్లు తనకున్నదానినే, తనకు తోచినవారికే పంచును. తనకు లేని చదువును పంచలేదు. ఇష్టము లేని చదువును పంచదు. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1874 లో ధవళేశ్వరమున బాలికాపాఠశాలను స్థాపించుటలోని ఘనత, ఇంటికంటె బడిలో అక్షరములు బాగుగా వచ్చుననుటలో లేదు. ఆడుపిల్ల గడప దాటి పలక పట్టి నలుగురిలో కూర్చుండుటయే ఆ ఘనత. ఇక అంటరానివారని దూరముంచిన కులముల పిల్లలకు వీధిబడి అరుగెక్కనిచ్చినవారు లేరు. ఇంట చెప్పుటకు చదివిన తండ్రి లేడు. వారి వంశములలో మొదటి యక్షరము నేర్చినవారు పెక్కుమంది దొరబడిలోనో సర్కారుబడిలోనో నేర్చినవారే. బడి చెఱసాలయని హోల్టుతో కలిసి పలుకుటకు ముందు, అది ఎవరికి మొదటి తలుపైనదో మనము తలచుకొనవలయును.

నా మిత్రుడు దీనికి బదులు చెప్పెను. "ఆనాటి యిల్లు వేరు, నా యిల్లు వేరు. నేను చదువు చెప్పదలచినది నా కూతురికే గదా!" బలమైన బదులే. అతని యింట పుస్తకములున్నవి, తీరిక యున్నది, మనస్సున్నది. అతనికి ఇది సాధ్యము కావచ్చును. కాని దీనిని అందఱకు ధర్మముగా బోధింపరాదు. 2020 మార్చిలో మహమ్మారివలన దేశమందలి బడులు మూతపడినప్పుడు ప్రతి గృహమును కోరకయే బడి యయ్యెను. మన గ్రామములలో ఐదవతరగతి పిల్లలందు రెండవతరగతి పాఠమును చదువగలవారు 2018 లో నూటికి 50.5 మంది, 2022 లో 42.8 మందియే. 'అసర్' సర్వే తేల్చిన లెక్క యిది. మొదటి సంఖ్య బడికి సిగ్గుచేటు. ఐదేండ్లు పోయినను సగము మందికి చదువు రాలేదు. రెండవది, సిద్ధముగా లేని యిల్లు ఆ సగమును గూడ నిలుపలేకపోయెనని చెప్పుచున్నది. అది కోరి తెచ్చుకొన్న యింటిచదువు కాదని హోల్టు పక్షమువారు అనవచ్చును. నిజమే. కాని తీరికయు చదువును లేని తల్లిదండ్రుల యిండ్లే దేశమున నెక్కువ.

ఇంట చదివి అంతటి పండితుడైన మిల్లు మఱి లోకమునకేమి యుపదేశించెను? 1859 లో ప్రకటించిన 'ఆన్ లిబర్టీ' అను గ్రంథమున, ప్రభుత్వమే బడులన్నిటిని నడిపి పిల్లలందఱిని ఒకే మూసలో పోయుటను ఆయన నిరసించెను. ఐనను పిల్లను తండ్రి యిష్టమునకు విడువలేదు. ఎచ్చట చెప్పించినను తండ్రి యిచ్ఛ. చెప్పించుట మాత్రము విధి. చిన్ననాటినుండి ఏటేట ప్రతి పిల్లను పరీక్షింపవలెననియు, చదువు రానిచో, తగిన కారణము చూపలేని తండ్రికి కొంత జుల్మానా వేయవలెననియు సూచించెను. పరీక్షయను పేరు నాకు రుచింపదు. దాని పేరిట మన పిల్లలను ఎంత వేచుచున్నామో యెఱిగినవాడను. కాని ఈ సూచనలో నాకు ఐదవ ప్రకరణమే కనబడుచున్నది. ఇంటి వెలుపలినుండి వచ్చి పిల్లను పలుకరించు మనుష్యుడు తన బాల్యమున లేడు. అట్టివానిని ప్రతి పిల్లకును ఏర్పాటు చేయవలెనని మిల్లు కోరెను.

మన చట్టము ఇంత స్పష్టముగా లేదు. 2010 ఏప్రిలు 1 నుండి అమలులోనున్న విద్యాహక్కు చట్టము, ఆఱు మొదలు పదునాలుగేండ్ల పిల్లలను సమీపమునందలి బడిలో చేర్చుట తల్లిదండ్రుల కర్తవ్యమని చెప్పినది, చేర్పనివారికి శిక్ష చెప్పలేదు, ఇంటిచదువు పేరెత్తలేదు. జర్మనీ దేశము ఇంటిచదువును దాదాపు పూర్తిగా నిషేధించినది. అమెరికాలోని రాష్ట్రములన్నియు అనుమతించినవి. ఆ అమెరికాలోనే 1972 లో, ఎనిమిదవతరగతి తరువాత తమ పిల్లలను బడికి పంపుటకు నిరాకరించిన ఆమిష్ మతస్థుల పక్షమున సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది. అప్పుడు న్యాయమూర్తి డగ్లసు కొంత భేదించి, తల్లిదండ్రుల మాట విన్నంతనే చాలదు, పిల్లల కోరికయు వినవలయునని వ్రాసెను. ఈ వివాదమంతటిలో నాకు మిక్కిలి నచ్చిన మాట యది. నా మిత్రుడు హోల్టు నడిగెను, మిల్లు నడిగెను, నన్నడిగెను. కూతురిని అడుగలేదు.

నేనడిగితిని. తండ్రి లోనికి పోయిన సమయమున, "మళ్లీ బడికి పోవాలని ఉందా, తల్లీ?" అంటిని. ఆ పిల్ల కొంతసేపు పలుకలేదు. పిదప తెలుగుననే, "తాతగారూ, ఆటోలో నా చోటు ఇంకెవరికైనా ఇచ్చేశారా?" అని యడిగినది. ఆ యాటోలో ఏడుగురు పిల్లలు పోవుదురట. తలుపుకడ కొసచోటు ఆమెది. ఆ యరగంటలో వారు తెలుగు మాటలాడినను నిలువబెట్టువారు లేరు. ఆమెకు ఆ బడి అక్కఱలేదు. కాని బడికి పోవు దారిలో ఆమెకొక చోటుండెను, అది పోయినది. ఆ సంగతి నేను చదివిన రెండు పుస్తకములలోను లేదు. నా ముప్పదియేండ్ల యనుభవములోను నాకు తోచలేదు.

కావున నా తీర్పు ఇది. ఆ బడికి ఆ పిల్లను మరల పంపగూడదు. బడియే వలదని వ్రతము పట్టనుగూడదు. తెలుగు మాటలాడనిచ్చు బడి, అది సర్కారుబడియైనను, దొరకువఱకు ఇంట చదువు చెప్పుకొనవచ్చును. అందుకు మూడు నియమములు చెప్పెదను. మొదటిది, నేర్పువాడు తండ్రి యొక్కడే కాగూడదు. వారమున కొన్ని దినములైనను గణితమునకో సంగీతమునకో పిల్ల ఇతరుల కడకు పోవలెను; వారు తండ్రి తప్పును తండ్రితో చెప్పగలవారు కావలెను. రెండవది, ఇందులకై తల్లి తన ఉద్యోగము మానరాదు. ఎవ్వరైనను పని తగ్గించుకొనవలసివచ్చినచో ఈ సంకల్పము చేసినవాడే తగ్గించుకొనవలెను. మూడవది, మరల పోవు తలుపు తెఱచియుండవలెను. ఏడాది చివర పిల్లనే యడిగి, ఆమె బడి కోరినచో దానిని తన యోటమిగా తండ్రి యెంచరాదు. పదునాలుగేండ్లు నిండినవారు ఓపెన్ స్కూలుద్వారా పదవతరగతి పరీక్ష వ్రాయవచ్చును గదా యని నా మిత్రుడనెను. వ్రాయవచ్చును. కాని దానికింకను ఐదేండ్లున్నవి; తొమ్మిదేండ్ల పిల్లకు ఐదేండ్లనిన బ్రతికినదానిలో సగముకంటె నెక్కువ.

ఇంకొక మాట మిగిలినది. ఆనాడు వెలుపల నిలువబడినవారిద్దఱు. ఆ రెండవ పిల్ల తండ్రికి చిన్న కిరాణాకొట్టున్నది. ఇంట చదువు చెప్పువారు లేరు. ఆ పిల్ల ఇంకను ఆ బడికే పోవుచున్నది. నా మిత్రుడు తన బిడ్డను తప్పించెను గాని ఆ బడివారిని ఒక్క మాట యడుగలేదు. ఎవ్వరికిని ఫిర్యాదు వ్రాయలేదు. మాటలాడగలవారు మౌనముగా వెడలిపోయినచో, వెడలిపోలేనివారే ఆ వాకిట నిలువబడియుందురు. ఇంటిచదువునకు నేను పెట్టు కడపటి యాక్షేపణ యిదియే. నేనిట్లనగా అతడు చాలసేపు మిన్నకుండెను. పిదప మండల విద్యాధికారికి అర్జీ వ్రాయవలెనన్న నెట్లు మొదలుపెట్టవలయునని యడిగెను. చిత్తుప్రతి నేను వ్రాసితిని. మొదటి సంతకము అతడు చేయును, రెండవది నాది. మూడవదానికై ఆ కిరాణాకొట్టునకు రేపు ఇద్దఱమును పోయెదము. మిల్లు పుస్తకమును ఐదవ ప్రకరణముకడ కాగితముముక్క యొకటి పెట్టి అతనికి తిరిగి యిచ్చితిని.